తావియా మామ ఎలుకలు

తావియా మామకి పెద్దల బెంచీ మీద ఉన్న చోటు ఒక ఎలుక వల్ల పోయింది. ఆ ఎలుకని ఎవరూ చూడలేదు. మామ కూడా చూడలేదు. అయినా సంఘం మొత్తం ముందు నిలబడి అది ఉందనే చెప్పాడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. కుమాసి ఊళ్లో బండ్లు బాగుచేసే సువామె షెడ్లలో ఇంజన్ల మధ్యే జుట్టు నెరిసిన మనిషి. ఏ పాత బండి ఇంజను కుంటుతూ మిస్సింగ్ కొట్టినా, ఎందుకు కొట్టినా, ఎవరి వల్ల కొట్టినా, చివరికి ఆయన చూపించే దోషి ఎలుకే.

ఆ రోజు మిస్సింగ్ కొట్టింది మా ఫిట్టర్ల సంఘం అధ్యక్షుడు జాంఫీ పెద్దాయన కారు. బానెట్ ఎత్తి చూస్తే రెండు ప్లగ్గు వైర్లు తెగి ఉన్నాయి. సంఘంలో తగువులు తీర్చే పెద్దల్లో తావియా మామ ఒకడు కాబట్టి, తీర్పు కూడా ఆయన్నే చెప్పమన్నారు. షెడ్లన్నీ పని ఆపి చుట్టూ మూగాయి.

"ఎలుక," అన్నాడు మామ, శవం పక్కన మాట్లాడేంత గంభీరంగా.

"ఎలుకా? తావియా, ఆ వైరు సరిగ్గా చూడు. తెగిన చోట అద్దంలా ఉంది. పళ్లతో కొరికితే అలా ఉంటుందా?"

"పని మీద శ్రద్ధ ఉన్న ఎలుక, పెద్దాయనా."

"రెండు వైర్లూ ఒకే చోట, ఒకే కొలతకి తెగాయి!"

"కొలుచుకుని కొరికి ఉంటుంది."

జనం విరగబడి నవ్వారు. జాంఫీ నవ్వలేదు. ఆయనకి కావలసింది ఒక పేరు. కిందటి ఎన్నికల్లో తన మీద నిలబడ్డ వెల్డరు పేరైతే మరీ సంతోషం. ఆ పేరు మామ నోటి నుంచి వస్తే చాలు, పాపం ఆ వెల్డరు సాయంత్రానికల్లా సామాను సర్దుకోవాలి.

"ఎవడు కోశాడో చెప్పు. ఒక్క పేరు. నేను చూసుకుంటాను."

"ఎలుకల్ని పేర్లడిగే అలవాటు నాకు లేదు పెద్దాయనా."

పళ్లకీ కత్తికీ తేడా తెలియనివాడు పదిమందికి తీర్పు చెప్పడానికి తగడని సంఘం తీర్మానించింది. మామని బెంచీ మీంచి దించేశారు. మర్నాడు ఆయన షెడ్డు గుమ్మానికి ఎవరో ఎలుకల బోను వేలాడదీశారు. మామ వచ్చాడు, చూశాడు. బోను స్ప్రింగు తుప్పు పట్టి ఉంది. దించి, నూనె వేసి, రెండుసార్లు టపటపా కొట్టి చూసుకుని, ఈసారి వంకర లేకుండా నిలువుగా వేలాడదీశాడు. అలా చేస్తే ఎగతాళి చేసేవాళ్లకి ఇంకేం మిగులుతుంది?

నేను ఆయన పక్క కొట్లో పాత విడిభాగాలు అమ్మేవాణ్ణి. చచ్చిన బండ్ల కార్బురేటర్లు, కాయిళ్లు, రేడియేటర్లు. బేరాల్లేనప్పుడు చిరిగిన పుస్తకాలు చదువుకునేవాణ్ణి. బేరాలు చాలాసార్లు ఉండేవి కావు. నేను చదివిన వాటిలో నిజం చెప్పినవాడే గొప్పవాడు, మిగతా వాళ్లంతా పిరికివాళ్లు. ఆ లెక్కన నా పక్క షెడ్డులో ఉన్నది కుమాసి మొత్తంలో అందరికన్నా పెద్ద పిరికివాడని తేల్చుకున్నాను. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను కూడా.

"నిజమేరా సాఫో," అన్నాడు మామ. "ఆ పదమూడో నంబరు స్పానరు ఇటు అందుకో."

మిస్సింగ్ పట్టుకోవడంలో ఆయన పద్ధతి ఊళ్లో ఎవరికీ లేదు. మా ఇళ్లకి ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం. నీళ్లు తాగాక గానీ ఏం పని మీద వచ్చారని అడగం. మామ ఈ మర్యాద బండికి కూడా చేసేవాడు. ముందు రేడియేటర్లో నీళ్లు. తర్వాత బానెట్ మీద చెయ్యి వేసి, "ఊఁ, ఏం పని మీద వచ్చావు?" ఆ తర్వాత ఇంజను స్టార్ట్ చేయించి అందర్నీ నోరు మూసుకోమనేవాడు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస ఇంజను మీద. పొడి గుడ్డ చుట్టుకున్న చేత్తో ప్లగ్గు వైర్లు ఒకటొకటిగా పీకేవాడు. వైరు పీకగానే ఇంజను ఇంకా ఎక్కువ కుంటితే, ఆ సిలిండరు అప్పటిదాకా పని చేస్తున్నట్టే. "ఈయన నిర్దోషి," అని వైరు మళ్లీ తొడిగేవాడు. పీకినా చప్పుడులో ఏ తేడా రాకపోతే పడుకున్నది అదే. అప్పుడు కూడా దాన్ని తిట్టేవాడు కాదు. "నాలుగోవాడికి ఒంట్లో బాగాలేదు," అనేవాడు, పెద్ద డాక్టరులాగా.

ఇంతవరకూ అంతా బాగానే ఉండేది. యజమాని వచ్చి "ఏమైంది మాస్టర్?" అని అడగ్గానే మొదలయ్యేది.

ఒక టాక్సీ పెట్రోల్లో కిరసనాయిలు కలిసింది. మూత తీస్తే వాసన మొహం మీద కొడుతోంది. యజమాని ఒక పక్క, తల వంచుకుని డ్రైవరు ఒక పక్క.

"ఎలుక," అన్నాడు మామ.

"ఎలుక కిరసనాయిలు పోసిందా మాస్టర్?"

"పొయ్యి దగ్గర డబ్బాలో పడుంటుంది. ఒళ్లు తడిసిపోయి ఉంటుంది. ఆరబెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ వచ్చి పెట్రోలు టాంకులో దిగుంటుంది."

"మూత తీసుకునా?"

"మళ్లీ పెట్టి మరీ వెళ్లింది. మర్యాద తెలిసిన ఎలుక."

ఆ యజమాని నవ్వాలో కొట్టాలో తెలియక నవ్వేశాడు. మామ టాంకు కడిగిస్తూ, డ్రైవరు చేత టార్చి పట్టించుకుని, ఇంజనుతో గట్టిగా గొణిగాడు: "ఇంకోసారి కిరసనాయిలు తగిలితే పిస్టన్లు పోతాయి. పిస్టన్లు పోతే నేను కూడా ఏం చెయ్యలేను. ఆ ఎలుక ఎక్కడుందో, వింటోందో లేదో." డ్రైవరు పట్టుకున్న టార్చి వెలుగు టాంకు మీంచి నేల మీదకి జారింది. ముసలాయనకి మతి తప్పుతోందని నేననుకున్నాను.

ఒక టీచరమ్మ కారుకి వేరే ఫిట్టరు కంగారులో ప్లగ్గు వంకరగా బిగించి మరలు చెడగొట్టాడు. ఎలుక. ఒక పెళ్లి కారు కార్బురేటర్లో చక్కెర దొరికింది. ఎలుక, తీపి ఇష్టపడే జాతి. ఎవరైనా మరీ నిలదీస్తే మామ కళ్లు మూసుకుని, ఆ ఎలుక రంగూ, పొడవూ, తోక మీద మచ్చా వర్ణించేవాడు. చిరునవ్వు కూడా ఉండేది కాదు ఆ మొహంలో.

అలాంటి మనిషి ముందుకి ఒక మధ్యాహ్నం అఫ్రకోమా మేడం వచ్చింది.

కెజేటియా బజార్లో ఉల్లిపాయల వర్తకులందరికీ ఆవిడ రాణి. ఉల్లి ధర మీద తగువొస్తే తీర్పు ఆవిడదే. అలాంటి వాళ్లు నలుగురిలో నేరుగా మాట్లాడరు. పక్కన ఒకావిడ ఉంటుంది. రాణి అన్నది ఆవిడ తిరిగి చెబుతుంది, కాస్త నునుపు చేసి. మేడం వెనకాల ఇద్దరు ఉల్లి వర్తకులు సాక్షులుగా వచ్చారు. వాళ్ల వెనక దగ్గుతూ, ఆగుతూ, ఎగిరెగిరి పడుతూ ఆవిడ పాత వ్యాను. నడుపుతున్నవాడు సెయిదు.

సెయిదు ఉత్తరాది మనిషి. మా ఊళ్లో ముస్లింల పేట జోంగోలో ఉండేవాడు. అప్పటికి రెండేళ్లుగా ఆ వ్యానులో జనాన్ని ఒఫిన్సో రోడ్డు మీద తిప్పుతున్నాడు. మా దగ్గర ఒక ఏర్పాటుంది: డ్రైవరు బండి నడిపి వారం వారం యజమానికి కట్టుకుంటూ పోతే, చివరికి బండి అతనిదైపోతుంది. మధ్యలో బండికి ద్రోహం చేశాడని రుజువైతే బండీ పోతుంది, కట్టిందంతా కూడా పోతుంది. సెయిదుకి ఆ క్రిస్మస్‌తో కట్టాల్సిందంతా తీరిపోతుంది.

మామ రాణికి కుర్చీ వేయించాడు. మంచినీళ్లిచ్చాడు. రేడియేటర్‌కీ ఇచ్చాడు. అప్పుడడిగాడు, ఏం పని మీద వచ్చారని.

"ఈ దొంగ నా బండిని నాశనం చేశాడు," అంది మేడం.

"బండి ఆరోగ్యం గురించి రాణిగారు కలత చెందుతున్నారు," అంది పక్కావిడ.

"బండి పాడైందంటే విసుగొచ్చి నేను ముందే వీడికి ఇచ్చేస్తానని వీడి ఎత్తు. కావాలనే ఏదో చేశాడు."

"డ్రైవరు గారి మీద రాణిగారికి కొన్ని సందేహాలున్నాయి."

"నలుగురి ముందూ చెప్పమను. వీడేం చేశాడో ఆ మాస్టర్ని చెప్పమను. ఇవాళే తాళాలు లాక్కుంటాను."

పక్కావిడకి ఈ మాట ఎలా నునుపు చెయ్యాలో తోచలేదు. "రాణిగారు తాళాలు అడుగుతున్నారు," అంది.

సెయిదు బండి దిగలేదు. స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. "బాబా," అన్నాడు మామతో, "మా పిల్లలు ఇంట్లో చాప మీద వరసగా కూర్చుని ఈ బండి ఆట ఆడుకుంటారు. నేనెందుకు పాడు చేసుకుంటాను చెప్పు? నా బండిని నేనే పాడు చేసుకుంటానా?"

"ఇంకా నీది కాలేదురా!" అంది మేడం, మధ్యవర్తిని దాటేసి.

"జోంగో వాళ్లని నమ్మితే ఇంతే," అంది వచ్చిన సాక్షుల్లో ఒకావిడ.

మామ గొట్టం చెవిలో పెట్టుకున్నాడు. మొదటి వైరు పీకాడు. ఇంజను కుంటింది. "నిర్దోషి." రెండోది. "నిర్దోషి." మూడోది పీకితే ముందు ఏ తేడా లేదు, ఇంతలో కుంటింది. మామ కనుబొమలు ముడిపడ్డాయి. నాలుగోది. అదీ అంతే. మళ్లీ మొదటికొచ్చాడు. ఇందాక నిర్దోషి అయినవాడు ఇప్పుడు పడుకున్నాడు. జబ్బు ఒకచోట నిలవడం లేదు, ఒకరి నుంచి ఒకరికి తిరుగుతోంది. ప్లగ్గులు నాలుగూ తీసి ఎండలో వరసగా పెట్టాడు. నాలుగూ ఒకే నలుపు.

"నలుగురు అన్నదమ్ములూ మంచివాళ్లే," అన్నాడు. "అన్నం పంచేవాడి చెయ్యి ఎక్కడో తడబడుతోంది."

అన్నం పంచేవాడంటే డిస్ట్రిబ్యూటర్. కాయిల్లో పుట్టిన నిప్పుని నాలుగు సిలిండర్లకీ వంతులవారీగా పంచేది అదే. మామ దాని మూత మీద వంగి ఆగిపోయాడు. మూతకి రెండు క్లిప్పులుంటాయి. ఒకటే బిగించి ఉంది. డ్రైవరైనా, ఫిట్టరైనా కళ్లు మూసుకుని కూడా రెండూ బిగిస్తాడు. మామ మూత తీశాడు. నేను ఆయన భుజం మీంచి తొంగి చూశాను.

లోపలంతా నూనె. నిప్పు రాజేసే పాయింట్ల మీద జిగురుగా పేరుకుని, కాలి, నల్లబడి ఉంది. ఇంజను నూనె కాదు. లవంగాల వాసన.

ఆ వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా ఊరి కొండ మీద ఒక ప్రవక్త ప్రార్థన చేసి చిన్న సీసాల్లో నూనె ఇస్తాడు. మా అమ్మ ప్రతి ఆదివారం అది తెచ్చి నా నుదుటికి రాసేది, నేను తుడిచేసుకునేవాణ్ణి. ఆ కొండకి ప్రతి ఆదివారం ఈ వ్యానులోనే వెళ్లేది అఫ్రకోమా మేడం. శుక్రవారం మసీదుకెళ్లే సెయిదు చేతికి ఆ సీసా రాదు. ఎవరు రాశారో ఇంకొకరు చెప్పక్కర్లేదు. బండికి ఆపద రాకూడదని, నిప్పున్న చోటే రాయాలని, ఎవరూ చూడకుండా మూత తీసి, ఉల్లి బస్తాల మీద తీర్పు చెప్పే ఆ చేతులతోనే పోసింది. పోసి, ఒక క్లిప్పు మర్చిపోయింది.

నాకు ఒళ్లంతా మండింది. లోపల సంతోషం కూడా కలిగింది, దాచడమెందుకు. ఒక రాణి, సాక్షుల్ని కూడా వెంటబెట్టుకుని, తన తప్పుకి ఒక పేదవాణ్ణి రోడ్డు మీద పడేయడానికి వచ్చింది. ఇప్పుడు నిజం బయటపడుతుంది, అందరి ముందూ, ఆవిడ పిలిచి తెచ్చిన సాక్షుల ముందే. పుస్తకాల్లో ఇలాంటి ఘట్టం కోసమే పేజీలు తిప్పుతాం.

"మామా," అన్నాను మెల్లగా, "వాసన చూశావా? ఇది..."

"జలుబు చేసిందిరా," అన్నాడు మామ. "ఏ వాసనా తెలియడం లేదు."

మూత మళ్లీ పెట్టేశాడు. చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడిగా. తల ఎత్తాడు.

"మాస్టర్," అంది మేడం నేరుగా, "చెప్పండి. వీడేం చేశాడు?"

"ఎలుక," అన్నాడు తావియా మామ.

షెడ్లన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. ఎవరో డబ్బా మీద దరువు వేశారు. "రాణిగారూ, బోను కూడా ఇక్కడే ఉంది, తీసుకెళ్లండి!" అని ఎవడో అరిచాడు. పక్కావిడ ఈ మాట తిరిగి చెప్పాలో వద్దో తెలియక రాణి మొహంలోకి చూసింది. సెయిదు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. తన బతుకు ఒక పిచ్చివాడి చేతిలో పడిందనుకున్నాడు.

నవ్వులు కాస్త సద్దుమణిగే దాకా ఆగి, మామ మేడం వైపు ఒక అడుగు వేశాడు.

"మంచి ఎలుక, అమ్మా. చెడ్డది కాదు. ఈ బండంటే దానికి ప్రాణం. దారిలో ఏ ప్రమాదమూ రాకూడదని దాని కోరిక. అందుకని తన దగ్గరున్న మంచి నూనె తెచ్చి, నిప్పుండే చోట రాసింది. దానికేం తెలుసు? ఇంజను గురించి ఎలుకలకి ఎవరు చెప్తారు? అదే నూనె స్టీరింగుకి రాసుంటే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ రాస్తే నిప్పు సరిగ్గా అందదు. బండి కుంటుతుంది. అది కుంటితే, ఏమీ తెలియని డ్రైవరు మీదకి నింద వస్తుంది."

"నూనె రాసే ఎలుకట్రోయ్!" నవ్వు ఇందాకటికన్నా పెద్దదైంది. ఒకడు నేల మీద కూలబడి పొట్ట పట్టుకున్నాడు.

నేను నవ్వే మొహాలన్నీ చూశాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ నూనె ఎవరిదని ఆలోచించడం లేదు. ఎలుకని చూసి నవ్వుతున్నవాడు మనిషి కోసం వెతకడు. ఇన్నాళ్లూ మామ పరదా కట్టుకున్నది ఈ నవ్వుతోనే. ఆ నవ్వు తన మీదే పడేలా చూసుకున్నాడు, దాని వెనక ఎవరెవరినో దాచాడు. తను తెచ్చిన సాక్షుల ముందే పరువు పోతే, ఈ రాణి సెయిదుకి ఆ బండి దక్కనిస్తుందా? నా పుస్తకాల్లో ఇలాంటివాడు నాకెక్కడా కనబడలేదు. ఆ క్షణంలో పుస్తకాల మీద కూడా కోపం వచ్చింది.

మేడం నవ్వలేదు. ఆవిడ చెయ్యి మెల్లగా సంచీ మీదకి పోయి, లోపల ఏదో ఉన్నట్టు దాన్ని దగ్గరికి లాక్కుంది. మాట్లాడినప్పుడు పక్కావిడ వైపు తిరగలేదు.

"ఆ ఎలుక మా ఇంటి వైపుదే అయ్యుంటుంది మాస్టర్," అంది, గొంతు తగ్గించి. "నేను చెప్తాను దానికి."

"కోప్పడకండమ్మా."

"కోప్పడను. కానీ సిగ్గు పడుతుందేమో."

"పడనవసరం లేదు. రెండు నిమిషాల పని. తుడిచేస్తే పోతుంది."

మామ పెట్రోలులో ముంచిన గుడ్డతో పాయింట్లు తుడిచాడు, సన్నటి ఆకురాయితో గీశాడు, మూత పెట్టి రెండు క్లిప్పులూ బిగించాడు. సెయిదు తాళం తిప్పాడు. పాత ఇంజను గొంతు సవరించుకుని, ఒక్క తడబాటు లేకుండా అందుకుంది. సెయిదు కళ్లల్లో నీళ్లు వచ్చేశాయి. అతను వాటిని దాచుకోవడానికి హారను కొట్టాడు.

మేడం లేచి వ్యాను దగ్గరికి వెళ్లింది. తాళాలు అడగలేదు. కిటికీలోంచి అతని వైపు చూసి, "ఇవాళ అన్నం తిన్నావా?" అంది.

"లేదు మేడం."

"తిని వెళ్లు. నేను ఒఫిన్సో ప్రయాణికులకి చెప్తాను నువ్వు ఆలస్యంగా వస్తావని."

అంతే. క్షమించమనడానికి ఉల్లి రాణికి అంతకన్నా మాటలు రావు.

తర్వాత నేను మామని ఊరికే వదల్లేదు. ఆ సాయంత్రం ఆయన చేతులు కడుక్కుంటుంటే అడిగాను. "జలుబా మామా?"

"తగ్గింది."

"కిరసనాయిలు టాక్సీ? చక్కెర? ఆ ఎలుకలన్నిటికీ పేర్లున్నాయి కదా? నీకు తెలుసు కదా?"

"ఎలుకల్ని పేర్లడిగే..."

"జాంఫీ కారు వైర్లు కోసిన ఎలుకకి కూడా."

మామ మళ్లీ సబ్బు అందుకుని మోచేతుల దాకా రుద్దుకున్నాడు. ఆ మాటకి జవాబు నాకు ఇంకొక చోట దొరికింది. జాంఫీ చిన్న భార్య మా సందు మొదట్లో కెంకే అమ్మేది, అంటే ఆకులో చుట్టి, తాడు కట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్దలు. ఒక రోజు నేను తింటుంటే పక్కవాళ్లు మళ్లీ ఆ కత్తి ఎలుక కథ ఎత్తుకుని నవ్వుతున్నారు. ఆవిడ నవ్వలేదు. "ఆయన ఆ కారేసుకుని ప్రతి శనివారం టాఫో పేటకి వెళ్లేవాడు," అంది నాతో, ఎవరికీ వినపడకుండా. "అక్కడ ఇంకొకావిడ ఉండేది." అని, నాకివ్వాల్సిన ముద్ద తాడు కత్తితో ఒక్క గీత గీసింది. తెగిన చోటు అద్దంలా ఉంది.

ఆవిడ తావియా మామకి ఎప్పుడూ అందరికన్నా పెద్ద వేపుడు చేప పెట్టేది. కానీ ఆయన మొహంలోకి చూడలేకపోయేది. తల దించుకునే ఇచ్చేది. కొన్నాళ్లకి మామ అటు రావడం మానేశాడు. మురుగు కాలవ దాటి, చుట్టూ తిరిగి షెడ్డుకి వచ్చేవాడు. చేప అంటే అంత ఇష్టమున్న మనిషి.

క్రిస్మస్‌కి వ్యాను సెయిదుదైంది. అతని పిల్లలు దానిలో నిజంగానే వరసగా కూర్చున్నారు. సెయిదు మంచివాడు, కాకపోతే నోరు ఊరుకోదు. ఆ నూనె ఎలుక కథ అతను బస్సు స్టేషనంతా తిప్పాడు. చేత్తో మీసాలు చూపించి, ముక్కు కదిలించి, మామ గొంతుతో "మంచి ఎలుక, అమ్మా!" అనేవాడు. ప్రయాణికులు పొట్టలు పట్టుకునేవారు. నాకు అతని పళ్లు రాలగొట్టాలనిపించేది.

మామకి చెవులు మందగించాయి. గొట్టం పెట్టుకున్నా మిస్సింగ్ సరిగ్గా వినపడడం లేదని ఒక రోజు ఆయనే చెప్పాడు, అంత తేలిగ్గా, వానొస్తోందని చెప్పినట్టు. ఇక ఇంజన్ల దగ్గర ఉండి ఏం చేస్తానని, మాంపొంగ్‌లో అక్క ఇంటికి వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడు. సంఘం నుంచి ఎవరూ సాగనంపడానికి రాలేదు. నేనే సామాను మోసుకుని బస్సు దాకా వెళ్లాను.

స్టేషన్లో బస్సుల మధ్య ఒక బోధకుడు మైకు పట్టుకుని నరకం గురించి అరుస్తున్నాడు. అటు నుంచి సెయిదు తన వ్యానుతో వచ్చాడు. మామని చూడగానే మొహం వెలిగిపోయింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, ముక్కు కదిలిస్తూ కీచుకీచుమన్నాడు. లోపల జనం నవ్వారు. మామ చెయ్యెత్తి ఊపాడు.

నేనిక ఆగలేకపోయాను. మామ చెవి దగ్గరికి వంగి, ఆ మైకు గోలలో అరిచాను. "వాడి బండి నీ వల్లే మిగిలింది! వాడి పిల్లల తిండి నీ వల్లే మిగిలింది! ఇప్పుడు వెళ్లి వాడికి చెప్తాను, మొత్తం చెప్తాను!"

మామ నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టు ఇంకా ఫిట్టరు పట్టే.

"వద్దురా," అన్నాడు. "తెలిస్తే నన్ను చూసినప్పుడల్లా తల దించుకుంటాడు. అతను డ్రైవరు. వెనకాల అంత మంది ఉన్నారు. తల ఎత్తుకుని రోడ్డు చూడనీ."